ఎనిమిదింటి డ్యూటీ

ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజుకునే వాసన, తడి గుడ్డ మీద లేచే ఆవిరి వాసన కలిసి ఎక్కడ తగిలినా నా చెయ్యి దానంతటదే చొక్కా కాలరు సర్దుకుంటుంది. మొన్న ఖమ్మంలో ఓ సందులో అదే జరిగింది. ఖాసీం చాచా గుర్తొచ్చాడు.

ఎనభైల్లో, డిగ్రీ పాసై టేకులపల్లిలో ఇంట్లో కూర్చున్న రోజులవి. లేచేసరికి పది, తినేసరికి పన్నెండు, ఆపైన ఏ వారమో కూడా తెలిసేది కాదు. ఆ మత్తులోనే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ గడువు దాటిపోనిచ్చాను. మూడేళ్ల సీనియారిటీ గంగలో కలిసింది. నాన్న నాతో మాట్లాడడం మానేశాడు. నేను దరఖాస్తులు పెట్టడం మానేశాను.

చాచాది బస్టాండు పక్కన దర్జీ దుకాణం. సంగతి విని నన్ను పిలిచి ఓ స్టూలు చూపించాడు.

"రేపటి సంది ఎనిమిదింటికి రా బేటా. ఇస్త్రీ అంగీ తొడుక్కొని రా."

"కుట్టుపని నేర్పుతవా చాచా?"

"నీకు పని ఉన్నది గదా. నౌకరీ ఎతుకుడు. గది గూడ డ్యూటీనే."

మొదటి బస్సులో వచ్చే పేపర్లో ప్రకటనలు చూసి, పన్నెండు దాకా దరఖాస్తులు రాయాలి. అన్నం తిన్నాక చొక్కాలకు కాజాలు కుట్టాలి. అప్పుడు ఉద్యోగం మాట ఎత్తితే ఊరుకునేవాడు కాదు. అయిదింటికి "డ్యూటీ అయింది, పో" అనేవాడు. శుక్రవారం దుకాణం మూత, నాకూ సెలవే. నాకెందుకని ఓసారి నసిగాను. "ఛుట్టీ లేకుంటే అది నౌకరీ ఎట్లయితది?" అన్నాడు. నా కాజాలన్నీ విప్పి మళ్లీ కుట్టుకునేవాడని చాలాకాలానికి గానీ తెలియలేదు.

ఓ పరీక్ష ఫలితాల్లో నా నంబరు లేదు. మర్నాడు ముసుగుతన్ని పడుకున్నాను. ఎనిమిదిన్నరకు మెడలో టేపుతోనే చాచా మా వాకిట్లోకి వచ్చాడు.

"రామయ్యన్నా, మీ పిలగాడు ఇయ్యాల డ్యూటీకి రాలే. పానం బాగలేదా? లీవు చిట్టీ అన్న పంపలే."

వీధిలో నలుగురూ వింటున్నారు. నాన్న ఏమంటాడోనని దుప్పట్లో ఊపిరి బిగబట్టాను.

"లేటయింది సాబ్. వస్తున్నడు, నువ్వు నడువు," అన్నాడు నాన్న. లోపలికొచ్చి, నెలల తరువాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "అంగీ ఇస్త్రీ ఉన్నదా?" నేను ఏడ్చేశాను.

ఏడాదిన్నరకు దమ్మపేట మండలాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆర్డరు తీసుకెళ్తే చాచా చదివించుకుని విన్నాడు. "ముబారక్ బేటా. మరి నాకు రాజీనామా రాసియ్యి," అన్నాడు. నవ్వుతూనే మొదలుపెట్టాను. అన్ని దరఖాస్తులు రాసిన చెయ్యి, 'మీ వద్ద పనిచేసినందుకు' అన్నచోట ఆగిపోయింది. ఆ వాక్యం చాచానే చెప్పి పూర్తి చేయించాడు.

తరువాత నా సర్వీసంతా నిరుద్యోగులు సర్టిఫికెట్ల కోసం కాగితాలు పట్టుకుని నా బల్ల ముందుకు వస్తూనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరినీ "ఖాళీగా ఉన్నావా" అని అడగలేదు.