ఐదింటిదాకా టైముంది

థాడియస్ లియోపోల్డ్ గ్రబోవ్‌స్కీకి ఒకే ఒక్క జబ్బు: ఎవరి గురించి చెడ్డమాట అనవలసివచ్చినా, ముందు ఆ మనిషినే అడిగితే తప్ప అనలేడు. అతను అమెరికాలోని టొలీడోలో మా దినపత్రికకు వ్యాపార విలేకరి. నేను ఉన్నత పాఠశాలలో వ్యాకరణం బోధించే రోజుల్లో, అతని వార్తలో ఒక వాక్యం కర్త లేక దిక్కులేకుండా నిలబడిందని సంపాదకుడికి లేఖ రాశాను. మర్నాడే ఉపాధ్యాయుల గదికి వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు.

"మిస్ హాన్లన్, మీరు అతి చేశారని రేపు జవాబు రాయబోతున్నాను. మీరేమంటారు? ఐదింటిదాకా టైముంది."

"అతి చేశాననే అంటాను. మీ వాక్యం మాత్రం తప్పే."

పత్రిక ఐదింటికి అచ్చుకు వెళ్లేది; ఆ రెండు మాటలనూ ఉన్నవి ఉన్నట్టు వేశాడు. పదవీ విరమణ తర్వాత నేను ఆ పత్రికలోనే ప్రూఫులు దిద్దడానికి చేరానంటే, బహుశా కారణం అదే.

ఆరోపణ అచ్చు వేసేముందు అవతలి పక్షాన్ని అడగడం వార్తాపత్రికల ధర్మం. గ్రబోవ్‌స్కీ మాత్రం ఆ ధర్మాన్ని భోజనానికి కూడా వెంట తెచ్చుకునేవాడు. మేము మధ్యాహ్నం తినే హోటల్లో క్యాబేజీ సూపు ఉప్పగా ఉంటే, గిన్నె పట్టుకుని నేరుగా వంటగదిలోకి నడిచేవాడు.

"స్టాష్, ఈ సూపులో సముద్రపు చేప హాయిగా బతుకుతుందని మిస్ హాన్లన్‌తో చెప్పబోతున్నాను. నీ వాదనేమిటి?"

"ఆవిడా అదే సూపు తాగుతోంది కదయ్యా! ఆవిడకి నాలుక లేదా?"

"అది ఆవిడ వాదన. నీది చెప్పు. ఐదింటిదాకా టైముంది."

"నాలుగింటికే నా డ్యూటీ అయిపోద్ది!"

గ్రబోవ్‌స్కీ తిరిగివచ్చి గంభీరంగా ప్రకటించేవాడు: "వంటవాడు స్పందించడానికి నిరాకరించాడు."

తన తులిప్ మొక్కలను తవ్విన కుక్కను కూడా అడిగాడని ఆఫీసులో చెప్పుకునేవారు. నేను నమ్మను. దాని యజమానిని మాత్రం అడిగే ఉంటాడు.

ఒక జనవరిలో లార్చ్‌వుడ్ వృద్ధాశ్రమంలో గదులను వెచ్చగా ఉంచే బాయిలర్ ఆగిపోయింది. ముసలివాళ్లను దుప్పట్లలో చుట్టి ఆసుపత్రికి తరలించారు. ఆ ఆశ్రమాన్ని అంతకు ముందే న్యూయార్కులోని కారోమియర్ అనే పెట్టుబడి సంస్థ కొన్నది. కొనగానే ఆ భవనాన్ని తన మరో కంపెనీకి అమ్మి, ఆశ్రమం చేత తనకే అద్దె కట్టించుకున్నది. అద్దె పోగా జీతాలకు చాలలేదని నర్సులను తగ్గించింది; మరమ్మతులకు చాలలేదని మరమ్మతులు ఆపింది. దీనికి వాళ్లు పెట్టిన పేరు సమర్థత. నా తరగతిలో ఎవరైనా ఆ మాటకు ఈ అర్థం రాసి ఉంటే, కాగితం చించి చేతికిచ్చేదాన్ని.

ముసలివాళ్లు ఆసుపత్రిలో వణుకుతుండగానే కారోమియర్ ప్రకటన వచ్చింది. బాయిలర్ సంగతి చెప్పని నర్సు లోరెటా పికెన్స్‌దే తప్పంతా; ఆమెను తొలగించాము; ఆమె లైసెన్సు రద్దు చేయమని ప్రభుత్వాన్ని కోరుతున్నాము.

"వాళ్ల మాటగానే వేసెయ్ టెడ్," అన్నది గ్రబోవ్‌స్కీతో మా సంపాదకురాలు బెర్నీస్. "అన్ని పేపర్లూ వేసేస్తున్నాయి."

"ఆవిణ్ని ఎవరూ అడగలేదు."

"ఫోన్ ఎత్తడం లేదని రాయి!"

"ఎత్తకపోవడం జవాబు కాదు, బెర్నీస్."

టోపీ పెట్టుకున్నాడు. మంచులో అతని చూపు ఆనదు కనుక కారు నేను నడిపాను.

లోరెటా తలుపు గొలుసు తీయకుండానే మాట్లాడింది. "మీ పేపరోళ్లంతా నన్ను హంతకురాల్ని చేసేస్తున్నారుగా! ఇంకేం కావాలి?"

"రేపు మీ గురించి ఒక చెడ్డమాట అచ్చవబోతోందమ్మా. మీరేమంటారో విందామని వచ్చాను. ఐదింటిదాకా..." అంటూ అలవాటుగా గడియారం చూసుకున్నాడు. తర్వాత దాన్ని విప్పి కోటు జేబులో వేసుకున్నాడు. "మీకెంతసేపు కావాలంటే అంతసేపు."

గొలుసు ఊడింది.

"చలికాలం రాకముందు నుంచీ మొత్తుకుంటున్నానయ్యా! మా మేనేజరుకి బల్బు కొనే అధికారం కూడా లేదు. అన్నిటికీ న్యూయార్కు ఊఁ అనాలి. వాళ్లేమో 'ఈ త్రైమాసికం లెక్కలు ముగిశాక చూద్దాం' అంటారు. చలికి త్రైమాసికాలు తెలుస్తాయా? ముసలాళ్లని వంటగదిలో పొయ్యిల పక్కకి చేర్చింది నేనే!"

మేనేజరునూ, బాయిలర్ చూసే మనిషినీ విడివిడిగా అడిగాడు. ఇద్దరూ ఆమె మాటే చెప్పారు. అప్పుడు గడియారం మళ్లీ చేతికి పెట్టుకుని కారోమియర్‌కు ఫోన్ చేశాడు.

"మీ ప్రకటన అబద్ధమని రాయబోతున్నాను. మీరేమంటారు?"

"మీ పేపరు మూయిస్తాం!" అన్న అరుపు నా బల్లదాకా వినిపించింది.

"ఈ మాటే వేసెయ్యమంటారా? ఐదింటిదాకా టైముంది."

మా వార్త అందరికంటే ఒక రోజు ఆలస్యంగా, అందరికంటే నిజంగా వచ్చింది. ప్రభుత్వం విచారణను కారోమియర్ వైపు తిప్పింది. లోరెటా లైసెన్సు నిలిచింది. కారోమియర్ అధిపతి మాత్రం మరో ఊళ్లో మరో ఆశ్రమం కొన్నాడు. సిగ్గుకు అద్దె కట్టనవసరం లేకపోయినా, దాన్ని దగ్గర ఉంచుకోలేదు. గ్రబోవ్‌స్కీ అదీ రాశాడు, ముందుగా అతన్ని అడిగే. డబ్బున్నవాళ్లకు జవాబు చెప్పడానికి లాయర్లుంటారు. గ్రబోవ్‌స్కీ ప్రశ్న అసలు వెతుక్కుంటూ వెళ్లేది ఎవరూ తట్టని తలుపులనేనని నాకు ఆ గొలుసు దగ్గరే అర్థమైంది.

కిందటి శరదృతువులో అతను ఆసుపత్రిలో ఉండగా ఈ వ్యాసం చదివి వినిపించాను. నేను అంటగట్టిన జబ్బు గురించీ, తులిప్‌ల గురించీ, దిక్కులేని వాక్యం గురించీ కిక్కురుమనలేదు. నేను కాగితాలు సర్దుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మిస్ హాన్లన్, సూపు ఉప్పగా ఉందని అచ్చు వేస్తున్నారు కదా. పాపం, స్టాష్‌ని కూడా ఒక్క మాట అడగండి. నాలుగింటిలోపే వెళ్లండేం."