పేరు అడిగిన ఆవిడ

తాడేపల్లిగూడెం బస్టాండులో నేనూ మా అమ్మాయీ ఏలూరు బస్సు కోసం కూర్చున్నాం. అంతకు కాసేపటి ముందే హైస్కూలు ఆడపిల్లల కబడ్డీ ఫైనల్లో మా అమ్మాయి జట్టు ఓడిపోయింది. గెలిచింది పెంటపాడు వైపు పిల్లలు. వాళ్ళ ఊరు ఊరంతా ట్రాక్టర్ల మీద వచ్చి, మైదానం అదిరిపోయేలా కేకలు వేసింది. మా పెదపాడు వైపు నుంచి ఆట చూడ్డానికి వెళ్ళింది నేనొక్కదాన్నే. ఆ జనాన్ని చూస్తుంటే నాకు కడుపు మండిపోయింది.

బల్ల మీద మా పక్కనే కూర్చున్న పెద్దావిడకి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆవిడది ఆ గెలిచిన పిల్లల ఊరేనట. ట్రాక్టరులో తన చోటు పిల్లలకిచ్చేసి బస్సు కోసం ఆగిందట.

"గెలిచినవాళ్ళలో మీ మనవరాలుందాండీ?" అన్నాను ముభావంగా.

"నాకెవరూ లేరండీ. ఊళ్ళో పిల్లలు ఆడుతుంటే ఇంట్లో ఎలా కూర్చుంటామండీ?"

నా మంట రెట్టింపయింది.

ఆవిడ వంగి, మా అమ్మాయి మోకాలికంటిన మట్టిని కొంగుతో తుడిచింది. "చివర్లో ముగ్గుర్ని అవుట్ చేసింది నువ్వే కదమ్మా? పేరు తెలీలేదు గానీ, తెలిస్తే నీక్కూడా అరిచేదాన్ని. ఏం పేరమ్మా?"

మా అమ్మాయి పేరు చెప్పి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను అందాకా ఎంత బతిమాలానో!

బస్సు కదిలాక అడిగింది. "అమ్మా, నువ్వెందుకు అరవలేదు?"

"అందరిముందూ సిగ్గేసిందే."

అది కిటికీలోంచి ఆవిడకి చెయ్యి ఊపుతోంది. బస్టాండు కనుమరుగైనా ఆ చెయ్యి దించలేదు.