నా లాప్‌టాప్ ఎందుకు ఆగిపోతోందంటే

వారం నుంచి నా లాప్‌టాప్ మాటిమాటికీ బిగుసుకుపోతోంది. రేపు ఇంటి నుంచే దాని మీద ఉద్యోగ పరీక్ష రాయాలి. మధ్యలో ఆగిపోతే ఆ ఉద్యోగం పోయినట్టే. అందుకే ఈ రోజు అమ్మతో కలిసి బోయిగూడలోని రిపేరు షాపుకి వెళ్లాను.

షాపతను అడుగు మూత విప్పగానే బొద్దింకలు బిలబిలా బయటికొచ్చాయి. ఫ్యాను రెక్కలకు కరిగిన బెల్లం, దానికి అంటుకుని వాటి గుడ్లు.

"ఏందమ్మా ఇది, మిషన్‌కి బెల్లం తినిపిస్తున్నరా?" అన్నాడతను.

అమ్మ తడుముకోలేదు. "శుక్రారం శుక్రారం నైవేద్యం ఎడతన్నాను బాబూ. మనకి కూడెట్టేది ఇదేనని మా పిల్లే సెప్పింది. ఆ పక్క సందులోంచి ఏడి ఊపిరి వత్తాది గదా, అదే నోరనుకున్నాను."

శుభ్రం చేశాక లాప్‌టాప్ ఆగకుండా నడుస్తోంది. కానీ కీ నొక్కినప్పుడల్లా కింద ఏదో కదిలినట్టుంటోంది. ఎన్నిసార్లు చేతులు కడిగినా రోత పోవడం లేదు, అన్నం సయించలేదు. అమ్మేమో దాన్ని పస్తుంచి పరీక్షకు కూర్చోబెడుతున్నానని నా మీద అలిగింది. ఇలాంటి భక్తిని మీ ఇంట్లో ఎవరైనా మాన్పించగలిగితే, ఎలాగో కాస్త చెప్పండి.