కుడితి కంత

"ఎవరినడిగి మూసిండ్రో అడుగుండ్రి అత్తమ్మా! నా వంటింటి గోడను నన్నడగకుండ ఎట్ల ముడుతరు?"

"అమ్మా, గోడ కట్టింది మా నాయిన, ఆమె పుట్టింటోళ్లు కాదని చెప్పు నీ చిన్న కోడలికి."

"గోడల కంత పెట్టింది సుత మామయ్యనే. ఇప్పుడు కుడితి యాడ పొయ్యాలె, బావ నెత్తిమీదనా?"

"నా నెత్తి సంగతి తర్వాత. రేపు పొద్దుగాల పెద్దమనుషులొస్తున్నరు. బర్రె పక్కన కూసోబెట్టి చాయ్ తాపియ్యాల్నా? జర ఇజ్జత్ ఉండాలె గదా!"

"ఇన్నేండ్లు మనకు ఇజ్జత్ లేకుండెనా అత్తమ్మా?"

మా అత్త మధ్యలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. నేను వంటింటి తలుపు వెనక, నా భర్త అన్న, అంటే మా బావ, వాకిట్లో. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ఎదుట పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. అందుకని తిట్టుకోవాలన్నా అత్త మీదుగానే తిట్టుకోవాలి. ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉండేది గనక ఆమె ఎవరికీ ఏదీ చేరవేసేది కాదు. నా భర్త పొలం దగ్గరున్నాడు. ఇంట్లో ఉన్నా అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు.

అప్పట్లో అమీర్‌పేట ఒట్టి పల్లె. పంజగుట్ట దాకా జొన్న చేలు. మా ఇల్లు వ్యవసాయం చేసుకునేవాళ్ల కోసం కట్టినది. బయటి మట్టిగోడలు మూరెడుకు పైగా మందం, వాటికి ఒక్క కిటికీ లేదు. దర్వాజ ఒకటే. మనుషులైనా పశువులైనా దానిలోంచే రావాలి గనక, కొమ్ములున్న తల పక్కకు తిప్పకుండా దూరేంత వెడల్పు పెట్టారు. మధ్యన ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ అర్రలు, పైన గూన పెంకలు. దర్వాజ దాటగానే ఎడమ పక్క కొట్టం, దాన్ని ఆనుకుని వంటిల్లు. ఆ రెంటికీ ఉమ్మడి గోడలో చెయ్యి పట్టేంత కంత, అందులో ఏటవాలుగా పరిచిన రాయి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు, చిట్టు కలిపి ఇటు పోస్తే అటు బర్రె ముందున్న గోలెంలో పడేవి. చుక్క వృథా కాదు. పొయ్యి సెగకు చలికాలం ఆ గోడ వెచ్చగా ఉండేది, బర్రె దానికి ఒరుసుకుని పడుకునేది. ఇల్లు కట్టేటప్పుడు మా మామ ముందు కొట్టం పునాదికి ముగ్గు పోసి, ఆ తర్వాతే మనుషుల అర్రలకు పోశాడట.

అటువంటి ఇంటిని బావ పాడు చేశాడు. ఆయన ఎర్రమంజిల్ దిక్కున ఒక నవాబు దేవిడీలో గుమాస్తా. అక్కడ చూసినట్టు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టే దివాన్‌ఖానా తనకూ కావాలి, అదీ కొట్టంలోనే. నేను జొన్న కోతకు పోయిన రోజు చూసుకుని మేస్త్రీని పిలిపించాడు. గోలెం పెరికించి, కంతలో ఇటుక ముక్కలు కుక్కించి, కొట్టమంతా సున్నం వేయించాడు. నేను వచ్చేసరికి బర్రె బయట వేపచెట్టుకు కట్టేసి ఉంది. సున్నం ఆరేదాకానేమో అనుకున్నాను. లోపలికి పోయి ఎప్పటిలాగే కుడితి పోస్తే, అది తిరిగి నా కాళ్ల మీదికి వచ్చి, పొయ్యిలోకి పారి నిప్పు ఆరిపోయింది. జగడం అక్కడ మొదలైంది.

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నాకు పాలు పడక నా చంటిదాన్ని ఆ బర్రె పాల మీదే సాకుతున్నాను. పాడి బర్రెను చోటు మారిస్తే పొదుగులోకి పాలు చేపదు. పశువుల మధ్య పుట్టి పెరిగినవాడు బావ, ఆయనకు తెలియదా?

"చంటిదానికి రేపు పాలెక్కడియ్యో అడుగుండ్రి అత్తమ్మా!"

"ఫికర్ వద్దని చెప్పమ్మా. బర్రెను బయట కడితే పొదుగు లోపలనే ఉండిపోయిందా ఏంది, అది సుత దానెంటనే పోయింది గదా!" అని నవ్వాడు.

పసిదాని నోటికాడి పాలు ఆయనకు నవ్వులాట.

"బియ్యం అయినయి. పొయ్యి ముట్టియ్యి" అంది అత్త. ఆమె తీర్పు అంతే.

తెల్లవారి చెంబు పట్టుకుని వేపచెట్టు కిందికి పోయాను. కుడితి బిందెలో మోసుకెళ్లి ముందు పెడితే ముట్టలేదు. దాని దుడ్డెను పాలకు విడిస్తే కాలితో తన్నింది. ఎంతసేపు పొదుగు నిమిరినా చేపలేదు, దర్వాజ వైపు చూసి అరుస్తోంది. లోపల కొట్టంలో పరిచిన జంపఖానా మీద పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. "అమ్మా, చాయ్ పంపియ్యమను" అని బావ కేక వేశాడు. చంటిది ఏడుస్తోంది. చెంబు అడుగున తడి తప్ప ఏమీ లేదు.

వంటింట్లోకి వచ్చి రోకలి తీసుకుని కంతలో పొడిచాను. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. ఇటుక ముక్కలు అటు జంపఖానా మీద పడ్డాయి. పెద్దమనుషులు లేచి చెప్పులు వేసుకున్నారు. పొద్దెక్కేసరికి బర్రె కొట్టంలో ఉంది.