ఖాదర్ సాబ్ తర్జుమా చేయని మాట

నిన్న కడపలో మా ఆఫీసుకు వచ్చిన కక్షిదారు ఒక చిన్న పొట్లం బల్ల మీద పెట్టాడు. విప్పితే ఎండిన నల్ల నిమ్మకాయలు. కువైత్ నుంచి వాళ్ళ తమ్ముడు తెచ్చాడట. ఆ పొగచూరిన పులుపు వాసన ముక్కుకు తగలగానే అతను చెబుతున్న అప్పుల కథ నా చెవికెక్కడం మానేసింది. ఒకప్పుడు కువైత్‌లో నేను పనిచేసిన ఆఫీసులో ఖాదర్ సాబ్ రోజూ ఆ కాయను పిడికిలితో చితక్కొట్టి టీలో వేసేవారు. అక్కడికి ఎవరొచ్చినా, అప్పిచ్చినవాడైనా తీసుకున్నవాడైనా, ఆ టీ తాగకుండా నోరు విప్పడానికి వీల్లేదు.

నేను బి.ఎల్. చదివి, పెళ్ళయి, మా ఆయన ఉద్యోగం కోసం కువైత్ వెళ్ళినదాన్ని. మంగఫ్‌లో కాపురం. ఎనభైల మొదట్లో ఒక కువైతీ వకీలు దగ్గర ఇంగ్లీషు టైపిస్టుగా చేరాను. అక్కడ తర్జుమా పని చూసేది ఖాదర్ సాబ్. మా కడప మనిషే. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ ఆయన నోట్లో ఒక్కలాగే పలికేవి. పట్టా ఉన్నదాన్ని, ఒక తర్జుమా గుమాస్తా కింద పనిచేయడమేమిటని మొదట్లో మూతి ముడుచుకునే ఉన్నాను. ఆ ముడి విప్పింది నరసింహులు.

నరసింహులు రాయచోటి దర్జీ. కంపెనీ మనుషులకు యూనిఫారాలు కుట్టేవాడు. వాయిదా చెక్కుల మీద నడిచిన అక్కడి షేర్ల మార్కెట్ కూలిన రోజులవి. పెద్దపెద్దవాళ్ళే మునిగిపోయారు. ఇతనికి పని ఇచ్చిన కాంట్రాక్టరూ మునిగాడు. గుడ్డలు అరువిచ్చిన వ్యాపారి, చేబదుళ్ళిచ్చిన మనవాళ్ళు నలుగురూ ఇతని గొంతు మీద కూర్చున్నారు. టీ గ్లాసు చేతికందిందో లేదో, "సార్, నాకు ఐపీ పెట్టండి" అన్నాడు. మా సీమలో దివాలా పిటిషనుకు అదే పేరు. పక్కింటివాడు ఐపీ పెట్టాడంటే ఊరంతా చెవులు కొరుక్కుంటుంది.

"ఈడ ఐపీ లేదప్పా. దివాలా అనేది పెద్ద వ్యాపారస్తులకే. నీ మాదిరోడు బాకీ కట్టకపోతే దేశం దాటనీరు, జైల్లో కూడా పెడతారు" అన్నారు ఖాదర్ సాబ్.

నరసింహులు ముఖం పాలిపోయింది. ఇంటికి పోయి బిడ్డల్ని చూసి మూడేళ్ళయిందట. అంతలోనే కాస్త తేరుకుని, మెచ్చుకుంటారనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి చెప్పాడు: "ఉండేది రెండు మిషన్లు సార్. ఒకటి ముందే తీసేసినాలే. ఎగైలాలో మావాని రూంలో దాచిపెట్టినా. అంగట్లో ఒకటే ఉందని చెప్పండి."

"దాచినావా?"

"మన ఊర్లో అందరూ ఇట్లనే కదా సార్ చేసేది? ఐపీకి ముందు పెండ్లాం పేరున రాసేస్తారు."

ఖాదర్ సాబ్ గ్లాసు కింద పెట్టారు. "శుక్రవారం అందర్నీ పిలిపిస్తా. నువ్వు చెప్పేదంతా అరబ్బీలో చెప్తా. ఆ ఒక్కమాట మాత్రం నేను తర్జుమా చెయ్యను. నా నోరు అబద్ధానికి తిరగదు."

అతను వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. "సాబ్, కక్షిదారు రహస్యం మనం బయటపెట్టకూడదు. రెండో మిషను సంగతి తెలిస్తే రెండూ పట్టుకుపోతారు, మనిషి జైలుకు పోతాడు" అన్నాను.

"మనం ఎందుకు పెడతాం బేటీ? వాడే పెట్టల్ల" అన్నారాయన.

శుక్రవారం నమాజు అయ్యాక అందరూ వచ్చారు. వ్యాపారి కుర్చీ జరుపుకుని, యల్లా, త్వరగా తేల్చండి అన్నాడు. సల్వాలో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్న మస్తాన్ అందరికంటే పెద్ద గొంతుతో అరుస్తున్నాడు. అతను ఇచ్చింది అక్క ఆపరేషనుకు దాచుకున్న డబ్బు. నరసింహులు మాత్రం రాలేదు. పారిపోయాడనే అనుకున్నాను. కాసేపటికి తలుపు తోసుకుని, భుజం మీద కుట్టుమిషనుతో, చెమటలు కారుతూ లోపలికొచ్చాడు.

"ఇది దాచినా. తెచ్చినా. ఇంకేం లేదు" అన్నాడు.

ఖాదర్ సాబ్ ఆ మాటల్ని అరబ్బీలో చెప్పి, తన కుర్చీ ఖాళీ చేసి అతన్ని కూర్చోబెట్టారు. తరువాత వ్యాపారితో నెమ్మదిగా మాట్లాడారు. చేతిపని చేసుకునేవాడి పనిముట్టును లాక్కోకూడదని చట్టంలోనే ఉందన్నారు. ఒక మిషను మీరు తీసుకోండి, రెండోదాని మీద కుట్టి మిగతాది కడతాడు అన్నారు. వ్యాపారి చాలాసేపు ఆ మిషను వైపే చూసి, జామీను ఎవరుంటారని అడిగాడు.  

"నేనుంటా" అన్నాడు మస్తాన్. అంతదాకా అరిచినవాడే. "ఇచ్చిన డబ్బు ఎట్లాగూ రాదనుకున్నా. మిషను మోసుకొచ్చినోడు యాడికీ పోడు."

రెండు రంజాన్ల పాటు అరబ్బులు తొడిగే పొడుగు చొక్కాలు, దిష్దాషాలు కుట్టి నరసింహులు అందరి బాకీ తీర్చాడు. ఊరికి పోయేముందు పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని వచ్చి, "ఖలాస్ సార్" అని మాత్రం అన్నాడు. ఖాదర్ సాబ్ అతనికి టీ పోశారు. ఆ రోజు ఆయన కింద పనిచేస్తున్నందుకు నేను పొంగిపోయాను. ఇప్పటికీ ఆ పొంగు తగ్గలేదు.

తిరిగొచ్చి కడపలో ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచీ చూస్తున్నా, ఈ దివాలా కేసుల్లో చట్టాలు మారుతున్నాయి, కాగితాలు పెరుగుతున్నాయి. చిక్కుముడి మాత్రం పాతదే: దాచింది ఏది, ఎవరి పేరున? నిన్నటి కక్షిదారూ ఇంటిని బామ్మర్ది పేరున రాసేసి వచ్చాడు. "ముందు దాచింది తెచ్చిపెట్టప్పా, తర్వాత పిటిషను రాద్దాం" అన్నాను. నీకంటే పెద్ద లాయర్లు ఉండారని విసుక్కుంటూ లేచిపోయాడు. ఫీజూ అతనితోపాటే పోయింది. నిమ్మకాయలు మాత్రం మిగిలాయి.

మా జూనియర్ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. "మేడం, మీ సీనియర్ ఎవరు?" అని అడిగింది. మా కోర్టుల్లో మనిషిని కొలిచే ప్రశ్న అదే.

"ఖాదర్ సాబ్."

"ఏ కోర్టులో వాదించేవారు మేడం?"

"ఆయన నల్లకోటు వేసిందే లేదు" అని, ఒక కాయ తీసి పిడికిలితో చితక్కొట్టి, ఆ పిల్లను టీ పెట్టమన్నాను.