బొజ్జ అచ్చుల్ల పాలకూర

గౌలిపురల మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు మిద్దె మీద తోట పెట్టాలని మస్తు పిచ్చి. పొద్దున లేస్తే ముగ్గుపిండి పట్టుకొని మీదికెక్కేది. "ఈడ బీరతీగకు పందిరి, ఆ మూలకు టమాటాలు, నడుమ ఉయ్యాల" అనుకుంట గీతలు గీసేది. మర్నాడు అన్నీ తుడిచి, మళ్ల కొత్తగ గీసేది.

ఒకనాడు ధూల్‌పేట్ నుంచి వినాయకుల బొజ్జలు పోసే పాత అచ్చులు ఆటోల ఏసుకొచ్చింది. వాటిల మట్టి నింపి పాలకూర గింజలు చల్లింది.

"దేవుని బొజ్జల పాలకూర ఏంది? ఇవన్నీ పారేస్త" అని ఆమె భర్త లొల్లి చేసిండు.

"ఫికర్ చెయ్యకు. దేవుని బొజ్జ ఖాళీగ ఉండొద్దు గదా" అన్నదామె నవ్వుకుంట.

మొలకలొచ్చినంక ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. పాలకూర కొట్టుకపోతదని ఆమె, నేను మీదికి ఉరికినం. అప్పటికే ఆయన ఆడ ఉన్నడు. తాను నిలువునా తడుసుకుంట, గొడుగు మాత్రం మొలకల మీద పట్టిండు.

"గట్ల చూస్తరేంది? ఇంకో రెండు గొడుగులు తేండ్రి" అని కసురుకున్నడు.

ఓనరమ్మ నవ్వు ఆపుకోలేక వాననీళ్లల్లనే కూసున్నది. నేను కిందికి ఉరికి గొడుగులు తెచ్చిన. ఆ వానల మేం ముగ్గురం తలా ఒక బొజ్జకు గొడుగు పట్టుకొని, తడుసుకుంట, నవ్వుకుంట నిలబడ్డం.