అట్టల రాకెట్

తన్మయి ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పనే వెతుక్కుంటుంది. తెలుగు ఎం.ఏ. చదివినందువల్ల కాబోలు, చెప్పాల్సిన జవాబును ముందు మనసులో రాసుకుని, దిద్దుకుని తలెత్తేసరికి ఎదుటివాళ్లు వెళ్లిపోయి ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమ్మేళనానికి హాలు అలంకరిస్తానని పేరిచ్చింది కూడా అందుకే. ఎల్బీనగర్‌లోని ఇంట్లో కూర్చుని, అట్టపెట్టెలు కోసి, వెండి కాగితం అంటించి, తనకంటే పొడుగైన రాకెట్ చేసింది. గ్రహాల మధ్య దూరాలన్నీ నోటికొచ్చిన నిర్వాహకులు తెలంగాణ బంద్ ఏ రోజో మాత్రం చూసుకోలేదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. రాకెట్‌ను భుజాన వేసుకుని తన్మయి నడిచింది.

చైతన్యపురి దగ్గర వెనక నుంచి ఊరేగింపు వచ్చి ఆమెను కలుపుకుంది. "ఏంది బిడ్డా గిది?" అనడిగింది జెండా పట్టుకున్న ఒకామె. నోరు తెరిస్తే తమది గుంటూరని తెలిసిపోతుందని తన్మయి భయం. "రాకెట్టండీ. వేరే గ్రహానికి వెళ్లేది," అంది మెల్లగా.

"మాకు వేరే రాష్ట్రమే ఇంకా రాలే, నువ్వు వేరే గ్రహం దాంక పోయినవా!"

అందరూ నవ్వారు. "పిల్ల ఒక్కతే మోస్తుంది, జర పట్టుండ్రి," అని ఆమే అనడంతో నలుగురు రాకెట్‌ను ఎత్తుకున్నారు. కొనకు జెండా కట్టి, నినాదాలతో హాలు గుమ్మం దాకా తెచ్చి దించి వెళ్లారు.

నిర్వాహకుడు మురళీకృష్ణ కంగారుపడ్డాడు. "ముందా జెండా తీసెయ్యమ్మా. మనకెందుకీ రాజకీయాలు?"

"మోసింది వాళ్లండీ. ఉండనివ్వండి," అంది తన్మయి. అది తనకే వినపడలేదు. మళ్లీ అంది. ఈసారి హాలంతా తిరిగి చూసింది. జెండా ఉండిపోయింది. తన్మయి మాత్రం రాకెట్ వెనక్కి వెళ్లి, సాయంత్రం దాకా బయటికి రాలేదు.